బేలీఫ్ రైతిల్లు, దాని కొట్టాలు: సింగిల్టన్ వెళ్లేవాళ్లకు ఒక సమీక్ష

ఇంగ్లండ్‌లో టికెట్టు కొని చూసే పాత ఇళ్లలో ఎక్కువ భాగం దొరల మేడలే. రైతు బతికిన ఇల్లు, దాని పక్కన కొట్టం, పెరడు, పండ్లతోట అన్నీ ఒకేచోట చూడాలంటే వెస్ట్ ససెక్స్‌లో సింగిల్టన్ ఊరి పక్కనున్న వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ లివింగ్ మ్యూజియానికి వెళ్లి, అందులో బేలీఫ్ అనే ఇంటి ముందు ఆగాలి. నలభై ఎకరాల లోయలో యాభైకి పైగా పాత కట్టడాలున్నాయి. అన్నిటినీ ఒక్కరోజులో చుట్టేయాలని పరిగెడితే ఇంటికొచ్చాక ఒక్కటీ గుర్తుండదు. బేలీఫ్‌కీ దాని చుట్టుపక్కలకీ రెండు గంటలు కేటాయించి, మిగిలిన సమయం మిగతావాటికి ఇవ్వండి. ఈ ఇంట్లో ఏ కర్ర దేన్ని మోస్తోందో కళ్లకు కనిపిస్తుంది. ఫాల్స్ సీలింగు లేదు, తాళ్లు కట్టి "ఇక్కడితో ఆగండి" అనడం లేదు. బల్ల మీద చెయ్యి వేయొచ్చు, పీట మీద కూర్చోవచ్చు. ఇల్లు కట్టడం ఎలాగో తెలిసినవాళ్లకు, తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకు ఇంత విప్పి చూపించే ఇల్లు అరుదు.

ముందు ఒక సంగతి స్పష్టంగా తెలిసి ఉండాలి. బేలీఫ్ ఇక్కడ పుట్టిన ఇల్లు కాదు. ఇది కెంట్ కౌంటీలో చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండేది. బౌ బీచ్ జలాశయం కడుతూ ఆ లోయను నీట ముంచాల్సి వచ్చినప్పుడు, 1968–69లో ఇంటిని కర్రకర్రగా విప్పి ఇక్కడికి తెచ్చారు. మళ్లీ నిలబెట్టడం 1972లో పూర్తయింది. చెట్టు వలయాల లెక్క ప్రకారం హాలూ సామాన్ల గదులూ ఉన్న భాగం 1405–1430 మధ్యది. యజమాని గదులున్న కొస 1505–1510 మధ్యది. అంటే రెండు దఫాల వడ్రంగం పక్కపక్కనే ఉంది. తరవాతి కాలంలో హాల్లో పై అంతస్తు వేసి, ఇటుక పొగగొట్టం కట్టారు. మ్యూజియం వాటిని తీసేసి, ఇంటిని 1540 ప్రాంతపు రూపానికి తెచ్చింది. ఇది సరైన పనేనా అని వాదించేవాళ్లున్నారు. నాలుగు వందల ఏళ్ల మార్పులు కూడా ఇంటి చరిత్రే కదా అన్నది వాళ్ల వాదన. అందులో న్యాయం ఉంది. కాని ఇక్కడ ఊహతో కట్టినది తక్కువ, కర్ర మీద మిగిలిన గుర్తులు చూసి కట్టినది ఎక్కువ. ఖాళీగా మిగిలిన బెజ్జాలు, చీల రంధ్రాలు, కిటికీ కమ్మీలు కూర్చున్న గుంటలు, తలుపు జరిగిన గాడి, మసి పట్టిన చోటు, పట్టని చోటు. ఇవే సాక్ష్యాలు. వెళ్లినవాళ్లు కూడా వీటినే వెతకాలి.

బయట నిలబడి మొదలుపెట్టండి. ఇల్లు నాలుగు అంకణాలు. అంకణం అన్న మన మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది: రెండు దూలాల మధ్య ఖాళీ ఒక అంకణం. నడుమ రెండు అంకణాలు హాలు, నేల నుంచి కప్పు దాకా అడ్డులేని ఖాళీ. చెరో చివర ఒక్కో అంకణం, అక్కడ మాత్రం పై అంతస్తు ఉంది. ఆ రెండు చివరల పై అంతస్తు కింది గోడ కంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. హాలు మాత్రం లోపలికే ఉంటుంది. కాని పైకప్పు ఒకటే, చూరు ఒకే వరసలో ఉండాలి. అందుకని హాలు ముందు చూరు దూలం గాలిలో సాగి పోతుంది, దాన్ని రెండు వైపుల నుంచీ వంపు తిరిగిన ఊతకర్రలు పట్టుకుంటాయి. ఈ అమరిక ఉన్న ఇళ్లను వీల్డెన్ ఇళ్లంటారు. ఆ ఊతకర్రల వంపు కోసి తెచ్చినది కాదు, అలా పెరిగిన చెట్టును ఎంచుకున్నారు. వంకర కొమ్మలో ఈనెలు కూడా వంకరగానే నడుస్తాయి కాబట్టి బలం తెగదు. తిన్నని దుంగలోంచి వంపు కోస్తే ఈనెలు అడ్డంగా తెగి అక్కడే పగులుతుంది. మన నాగలి దుంపకు వంకర కర్ర వెతికే రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పొడుచుకొచ్చిన అంతస్తు కింద నిలబడి తల పైకెత్తి చూడండి. దంతెలు, అంటే పై అంతస్తు నేలను మోసే కర్రలు, బయటికి కనబడతాయి. వాటిని పడుకోబెట్టి వేశారు, అంటే వెడల్పు ఎక్కువ, మందం తక్కువ. ఇవాళ ఏ వడ్రంగీ అలా వేయడు. ఉదాహరణకు 8 అంగుళాలు, 5 అంగుళాలు ఉన్న దంతెను నిలబెట్టి వేస్తే, పడుకోబెట్టిన దానికంటే వంగకుండా రెండున్నర రెట్లు ఎక్కువ నిలుస్తుంది. ఆ కాలపు వడ్రంగులు ఈ లెక్క పాటించలేదు. అయినా ఇల్లు నిలిచిందంటే కర్ర అంత ధారాళంగా వేశారన్నమాట.

కర్ర అంతా ఓక్. పచ్చిగా ఉన్నప్పుడే పని చేశారు, ఎందుకంటే ఎండిన ఓక్ మీద బాడిస, ఉలి సాగవు. పచ్చి కర్రతో చిక్కేమిటంటే అది ఎండుతూ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడుగు మాత్రం పెద్దగా తగ్గదు. మందమైన దుంగ లోపలిదాకా ఎండటానికి అంగుళానికి ఒక ఏడాది చొప్పున పడుతుందని వడ్రంగుల లెక్క. కుదించుకుపోతే కుసి, అంటే ఒక కర్ర కొసన చెక్కిన నాలుక, ఇంకో కర్ర బెజ్జంలో వదులవ్వాలి. అవ్వలేదంటే కారణం చీల. బెజ్జంలో రంధ్రానికీ కుసిలో రంధ్రానికీ కావాలనే కొంచెం తేడా పెడతారు. మొన సన్నగా చెక్కిన ఎండు ఓక్ చీలను కొడితే, అది ఆ తేడాను సర్దుకుంటూ కుసిని భుజం దాకా లోపలికి లాగేస్తుంది. కర్ర ఎండేకొద్దీ బిగువు సడలకుండా చీల పట్టి ఉంచుతుంది. ఇంటి చట్రంలో ఇనుప మేకులు వాడకపోవడానికి ఇంకో కారణమూ ఉంది: ఓక్‌లో ఉండే వగరు ఆమ్లం ఇనుమును తినేస్తుంది, మేకు చుట్టూ నల్లటి మరక పడుతుంది, కొన్నాళ్లకు మేకు సన్నబడి వదులవుతుంది.

చీల తల కనిపించే వైపు దగ్గరగా చూడండి. కీళ్ల పక్కన సన్నటి గీతలుంటాయి, రోమన్ అంకెల్లాంటివి. అది వడ్రంగి వేసిన లెక్క. ప్రతి కీలునూ ఆ రెండు కర్రలకే సరిపోయేలా గీసి కోస్తారు, ఒకదాని కుసి ఇంకోదాని బెజ్జంలో పట్టదు. అందుకని ముందు పనిచేసే దొడ్డిలో గోడను నేల మీద పడుకోబెట్టి అమర్చి, కీలుకీలుకూ అంకె వేసి, విప్పి, బండిలో వేసుకుని స్థలానికి తెచ్చి నిలబెట్టేవాళ్లు. ఇలా విప్పి కట్టగలిగే ఇల్లు కాబట్టే 1968లో కూడా దీన్ని విప్పగలిగారు. ఇటుక ఇల్లయితే ఇది ఇంత తేలికయ్యేది కాదు. పిల్లలతో వెళ్తే "ఐదో నంబరు కీలు ఎక్కడుందో వెతకండి" అని వదలండి, అరగంట వాళ్ల గొడవ ఉండదు. నాలుగుకు నాలుగు గీతలే కనబడతాయి.

గోడ దగ్గరికి వస్తే తెలుగువాళ్లకు సొంతింటికి వచ్చినట్టుంటుంది. చట్రంలో ఖాళీలు పూడ్చింది తడికతోనే. పై దూలానికి కింద రంధ్రాలు, కింది దూలానికి పైన గాడి. వాటిమధ్య ఓక్ బద్దలు నిలువుగా బిగించి, వాటిలోంచి హేజెల్ అనే పొదచెట్టు కర్రలు అల్లారు. దాని మీద రెండు వైపులా మట్టి మెత్తారు. మెత్తులో బంకమన్ను, తరిగిన గడ్డి, పేడ, నీళ్లు. మన దగ్గర వెదురు బద్దలు, వరిగడ్డి. అక్కడ హేజెల్, గోధుమ గడ్డి. తేడా అంతే. ఇద్దరు మనుషులు గోడకు చెరోవైపు నిలబడి ఒకేసారి ఎదురెదురుగా ఒత్తితే మట్టి తడిక సందుల్లోంచి వెళ్లి ఒకదాన్నొకటి కరుచుకుంటుంది. ఒకవైపు పూర్తిగా ఆరాక రెండోవైపు మెత్తితే ఆ పట్టు రాదు, కొన్నాళ్లకు పలకలు పలకలుగా ఊడుతుంది. బంకమన్ను ఎక్కువైతే ఆరినప్పుడు పగుళ్లు, ఇసుక ఎక్కువైతే రాలడం. చట్రం అంచున వేలిమందం పగులు రావడం మామూలే, ఆరాక రెండో చెయ్యి వేసి మూస్తారు. పైన వెల్ల.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి ఇళ్లను ఆదరంతో పాడు చేసేది సిమెంటు. మట్టి గోడ తడిని పీల్చి, గాలికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలికి పోయిన తడి బయటికి రాలేదు, జారి అడుగు దూలంలో చేరుతుంది, అది కుళ్లుతుంది. అడుగు దూలం కుళ్లితే దాని మీద నిలబడ్డ స్తంభం దిగుతుంది, స్తంభంతో పాటు కప్పు. బేలీఫ్‌లో అడుగు దూలాన్ని రాతి పునాది గోడ మీద నేలకు ఎత్తుగా పెట్టడం చూడండి. వాన చిమ్మినా తడి నిలవకూడదన్నదే దాని ఉద్దేశం. ఊళ్లో తాతల నాటి మట్టిగోడల ఇల్లుండి, దాన్ని "బాగు చేయిద్దాం" అనుకుంటున్నవాళ్లు ఈ గోడ ముందు పది నిమిషాలు నిలబడితే మేస్త్రీకి ఏం చెప్పాలో తెలుస్తుంది: సున్నం, మట్టి వాడమని, సిమెంటు వద్దని.

కర్రకు నల్లరంగు లేదు. సినిమాల్లో, క్యాలెండర్లలో కనిపించే నలుపు తెలుపు ఇంగ్లీషు ఇళ్ల సోకు చాలావరకు తరవాతి కాలానిది. ఓక్‌ను వదిలేస్తే ఎండకూ వానకూ వెండిబూడిద రంగుకు తిరుగుతుంది. బేలీఫ్ అలాగే ఉంది.

కప్పుకు చేత్తో చేసిన మట్టి పెంకు. బంగాళా పెంకులా గాడులుండవు, బల్లపరుపు పలక, పైన రెండు రంధ్రాలు, వాటిలో కొయ్య చీలలు, ఆ చీలలు రీపర్లకు తగులుకుంటాయి. ఇంగ్లండ్‌లో 1477లోనే పెంకు కొలతకు చట్టం చేశారు: పొడవు పదిన్నర అంగుళాలు, వెడల్పు ఆరుంబావు, మందం అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు. నేటి చేతిపెంకులూ దాదాపు అంతే ఉంటాయి. నాలుగు అంగుళాల ఎడంలో రీపర్లు వేస్తే చదరపు మీటరుకు అరవై పెంకులు పడతాయి. ఎక్కడ చూసినా కనీసం రెండు పొరలు ఉండేలా ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. వాలు తక్కువైతే నీళ్లు వెనక్కి ఎక్కుతాయి, అందుకే కప్పు అంత నిటారుగా ఉంటుంది.

ఇప్పుడు లోపలికి. ఎదురెదురుగా రెండు తలుపులున్న నడవలోంచి అడుగు పెడతారు. ఒకవైపు రెండు చిన్న గదులు: ఒకటి పానీయాల గది, ఇంకోటి రొట్టె, పొడి సరుకుల గది. రెండోవైపు హాలు. నిలబడగానే మీ చూపు పైకి పోతుంది. అక్కడ దూలం మధ్యలో ఒక కర్ర నిలువుగా లేచి, పైన నాలుగు వైపులకూ ఊతలు చాపి ఉంటుంది. దాన్ని క్రౌన్ పోస్ట్ అంటారు. మన పూరింటి నిట్రాడ వెన్నుగాడిని మోస్తుంది. ఈ ఇంట్లో వెన్నుగాడే లేదు. వాసాలు జతలు జతలుగా కొప్పు దగ్గర ఒకదానికొకటి ఆనుకుంటాయి, ప్రతి జతకూ నడుమ ఒక అడ్డకర్ర. ఆ అడ్డకర్రలన్నిటి కింద పొడవునా ఒక దూలం పోతుంది, క్రౌన్ పోస్ట్ మోసేది దాన్ని. అది లేకపోతే వాసాల జతలన్నీ పేకముక్కల్లా ఒకవైపు ఒరిగిపోతాయి. నలుగురు నిలబడి ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఊగి చూపిస్తే పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

ఆ వాసాలు నల్లగా ఉంటాయి. మసి. హాలు మధ్యలో నేల మీద నెగడు, పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి, కప్పు కింద మబ్బులా నిలిచి, పెంకుల సందుల్లోంచి, కిటికీల్లోంచి నెమ్మదిగా బయటికి పోతుంది. కూర్చున్నవాడి తల ఎత్తున గాలి బాగానే ఉంటుంది, నిలబడినవాడికే కళ్లు మండుతాయి. అందుకే ఆ కాలపు పీటలు, బల్లలు పొట్టివైనా ఫరవాలేదు అనిపిస్తుంది. పొగ ఎక్కువైతే రెండు కారణాలు: కట్టె పచ్చిది, లేదా కిటికీ తప్పు తెరిచారు. పచ్చి కట్టెలో వేడంతా నీళ్లు ఆవిరి చెయ్యడానికే పోతుంది, మంట రాక పొగ వస్తుంది. కిటికీలకు అద్దాలు లేవు, నిలువు కమ్మీలే. లోపల చెక్క తలుపులు. గాలి వచ్చే వైపు మూసి, పోయే వైపు తెరవాలి. రెండు వైపులా తెరిస్తే గాలి నేరుగా దూరి పొగను కిందికి తోస్తుంది. మన వంటింటి అటక మీద మసి పట్టిన వెదురుకు పురుగు పట్టనట్టే, ఈ వాసాలకూ మసి మంచే చేసింది.

మండువా లోగిలి చూసినవాళ్లకు ఇక్కడ ఒక పోలిక తప్పక తట్టుతుంది. అక్కడా ఇంటి నడుమ ఖాళీయే, ఇక్కడా అంతే. అక్కడ ఆ ఖాళీ ఆకాశానికి తెరిచి వెలుగునీ వాననీ లోపలికి రానిస్తుంది; ఇక్కడ కప్పు కింద మూసి వేడిని పట్టి ఉంచుతుంది. చలిదేశపు మండువా అనుకోవచ్చు. ఆ నడిమి ఖాళీ వల్ల ఒక ఇబ్బంది: పై అంతస్తులో ఈ చివరి గది నుంచి ఆ చివరి గదికి దారి లేదు. కిందికి దిగి, హాలు దాటి, ఇంకో మెట్లు ఎక్కాలి. పనివాళ్లు పడుకునే వైపూ యజమాని పడుకునే వైపూ అలా విడిపోయాయి. యజమాని పైగదిలో మంచం, పెట్టె, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న మరుగుదొడ్డి ఉన్నాయి. సామాన్లన్నీ ఆ కాలపు నమూనాల మీద కొత్తగా చేయించినవే. అసలువి కావని నిరాశ పడనక్కర్లేదు; అసలువైతే గాజు వెనక ఉండేవి, మీరు ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు కాదు.

ఇంటికి ఆనుకునే పెరడు. దీన్ని తొందరపడి దాటకండి. 1540 నాటి ఇంగ్లీషు పెరట్లో బంగాళాదుంప లేదు, టొమాటో లేదు, మిరప లేదు. ఆకుకోసులు, లీక్స్, ఉల్లి, వెల్లుల్లి, పార్స్‌నిప్, చిక్కుడు జాతి గింజలు, మందుమొక్కలు, వాసన ఆకులు. ఇంట్లో రోజూ ఉడికేది గింజలూ ఆకులూ కలిపిన చిక్కటి జావ. మిరప మన దేశానికీ పోర్చుగీసువాళ్లతో అప్పుడప్పుడే వస్తున్న కాలం అది. అప్పటి తెలుగు వంటిల్లూ మిరియం మీదే నడిచేది. ఆ తోట మధ్య నిలబడితే ఆ సంగతి బాగా తోస్తుంది. పండ్లతోట, కంచెలు వేసిన చిన్న మళ్లు దాటితే కొట్టం.

కొట్టం బేలీఫ్‌ది కాదు. ససెక్స్‌లోని కౌఫోల్డ్ నుంచి తెచ్చినది, చెట్టు వలయాల లెక్కలో 1536 నాటిది. ఇంటి కాలానికి దగ్గరగా ఉందని ఎంచుకుని పక్కన పెట్టారు. కాబట్టి ఇల్లూ కొట్టమూ ఇలా ఒకదానికొకటి చూసుకుంటూ ఉండటం మ్యూజియం చేసిన ఏర్పాటే. ఇది తెలియక "ఒకే కుటుంబం కొట్టం" అనుకుని వెళ్లేవాళ్లు చాలామంది. మ్యూజియం ఈ మాటను ఇంకాస్త పెద్ద అక్షరాల్లో చెబితే బాగుండును, ఇదే మా మొదటి అభ్యంతరం.

అయినా కొట్టం చూడకుండా రావద్దు, ఎందుకంటే వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇంటికంటే ఇదే ఎక్కువ చెబుతుంది. మన దగ్గర కోత అయ్యాక వాన ఉండదు, కాబట్టి కళ్లం ఆకాశం కింద. అక్కడ కోత అవుతూనే వాన భయం, కాబట్టి కళ్లానికి కప్పు వేశారు. దాని పేరే కొట్టం. కట్టలు తెచ్చి లోపల ఒకవైపు పేర్చి, చలికాలం పొడవునా కొంచెం కొంచెం నూర్చుకునేవాళ్లు. అలాంటి కొట్టాల్లో నడిమి అంకణానికి ఎదురెదురుగా పెద్ద తలుపులుంటాయి. రెండూ తెరిస్తే గాలి ఈదురుగా పోతుంది, ఆ గాలిలోనే తూర్పారబట్టడం. నూర్పిడి పశువులతో తొక్కించడం కాదు, రెండు కర్రలను తోలుతో కలిపిన నూర్పుకర్రతో కొట్టడం. ఆ నేల గట్టిగా లేకపోతే గింజ మట్టిలో దిగబడిపోతుంది, అందుకని బంకమన్ను దిమ్మిస వేసి గట్టిచేసేవాళ్లు, లేదా బల్లలు పరిచేవాళ్లు. నూర్చిన గడ్డి రెండోవైపుకు, అక్కణ్నుంచి పశువులకు. పేడ పొలానికి, కొంత గోడ మెత్తుకు. ఇల్లు, కొట్టం, దొడ్డి, పొలం ఒక చక్రం.

గింజ దాచే చోటు వేరు. లిటిల్‌హాంప్టన్ నుంచి తెచ్చిన 1731 నాటి ధాన్యపు కొట్టును కూడా చూసి రండి. అది పుట్టగొడుగు ఆకారపు రాళ్ల మీద నేలకు ఎత్తుగా నిలబడి ఉంటుంది. రాయి తల గొడుగులా బయటికి వాలి ఉండటం వల్ల ఎలుక కాండం ఎక్కినా ఆ అంచు దాటలేదు, కింద గాలి ఆడుతుంది కాబట్టి గింజకు చెమ్మ పట్టదు. ఈ ఉపాయమంతా ఒక్క చిన్న తప్పుతో పాడవుతుంది: గోడకు ఒక నిచ్చెనో, కర్రో, గడ్డి కట్టో ఆనించి వదిలేస్తే ఎలుకకు అదే వంతెన. రాళ్ల మీద గాది నిలబెట్టిన ఊళ్లవాళ్లకు ఇది తెలిసిన సంగతే.

సమయముంటే ఇంకో రెండు ఇళ్లు వరసగా చూడండి, అది కూడా ఈ క్రమంలోనే: బేలీఫ్ తరవాత పాప్లర్ కాటేజ్, దాని తరవాత పెండీన్. పాప్లర్‌లో నెగడును హాలు మధ్య నుంచి తీసి, ఒక చివర సన్నటి అంకణంలో పెట్టి, పొగ అందులోంచే పైకి పోయేలా చేశారు. 1609 నాటి పెండీన్‌లో ఇంటి నడుమ ఇటుక పొగగొట్టం వచ్చేసింది. పొగ ఒక మూలకు పోయాక హాలు మీద అంతస్తు వేయడం కుదిరింది, పైన గదులొచ్చాయి, మెట్లు ఒకటైపోయాయి. మూడు ఇళ్లలో ఇంటి రూపం మొత్తం ఎలా మారిందో అరగంటలో చూసేయొచ్చు. బేలీఫ్ ఒకప్పుడు ఉన్న కెంట్ లోయ నుంచే తెచ్చిన వింక్‌హర్స్ట్ ట్యూడర్ వంటిల్లు కూడా దగ్గర్లోనే ఉంది. అక్కడ వండి చూపించే రోజుల్లో రుచి చూడమంటారు. శాకాహారులు ముందే అడగండి: జావలోనూ పిండివంటల్లోనూ పంది కొవ్వో, మాంసపు రసమో ఉండొచ్చు.

మిగతా అభ్యంతరాలు. పొలం మరీ శుభ్రంగా ఉంది. నిజమైన రైతు వాకిట్లో బురద, పేడకుప్ప, పొట్టు ఉంటాయి. ఇక్కడ దారులు తీర్చిదిద్దినట్టుంటాయి. లోపల చదవడానికి రాసిపెట్టినది తక్కువ. గది అందం చెడకుండా అలా చేశారు, కాని అడిగితే తప్ప తెలియని సంగతులు చాలా మిగిలిపోతాయి. కాబట్టి గదుల్లో ఉండే వాలంటీర్లను మొహమాటపడకుండా అడగండి. "ఈ ఇంట్లో కొత్త కర్ర ఏది, పాత కర్ర ఏది, చూపిస్తారా?" అన్నది మంచి ప్రశ్న, దాంతో మాట మొదలైతే అరగంట నడుస్తుంది. పైగదులకు మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింది గదులతో సరిపెట్టుకోవాలి, అయినా హాలే అసలు సంగతి కాబట్టి పెద్ద నష్టం లేదు. గడపలు ఎత్తు, తలుపులు పొట్టి, తల జాగ్రత్త. నెగడు వెలిగించి ఉంటే బట్టలకు, జుట్టుకు పొగ వాసన పట్టేస్తుంది, రెండు ఉతుకులకు గాని పోదు. పట్టుచీరలతో ఫొటోలు దిగుదామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు హాల్లో ఎక్కువసేపు ఉండకండి, గాలి వచ్చే తలుపు దగ్గర కూర్చోండి.

వెలుగు గురించి కూడా. అద్దాలు లేని, చెక్క తలుపుల ఇల్లు; మబ్బు పట్టిన రోజు కప్పు కింద కీళ్లు కనిపించవు. చిన్న టార్చి తీసుకెళ్లండి, ఫోను లైటు ఆ ఎత్తుకు చాలదు. మధ్యాహ్నం ఎండ ఒకవైపు కిటికీలోంచి వాలుగా పడే వేళ బాడిస దెబ్బలు, వడ్రంగి గీతలు బాగా తేలతాయి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అయితే పెరడు, తోట కూడా నిండుగా ఉంటాయి. దారులు వాలుగా ఉంటాయి, వాన పడితే జారతాయి, చెప్పులు పనికిరావు.

లండన్ నుంచి వెళ్లేవాళ్లకు విక్టోరియా స్టేషన్ నుంచి చిచెస్టర్‌కు నేరుగా రైలుంది, గంటన్నర పైచిలుకు. అక్కణ్నుంచి మిడ్‌హర్స్ట్ వైపు పోయే 60 నంబరు బస్సు సింగిల్టన్‌లో ఆగుతుంది. ఆదివారాలు, సెలవు రోజుల్లో బస్సులు పలచబడతాయి, తిరుగు బస్సు వేళ ముందే చూసుకోండి. కారులో అయితే చిచెస్టర్, మిడ్‌హర్స్ట్ మధ్య ఏ286 రోడ్డు మీదే ఊరు. తెరిచే వేళలూ టికెట్టు ధరా కాలాన్ని బట్టి మారుతుంటాయి, బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో చూడండి. పులిహోర, పెరుగన్నం మూట కట్టుకెళ్తే తోట పక్క గడ్డి మీద కూర్చుని తినొచ్చు.

బయటికి వెళ్లేముందు, మ్యూజియంలోనే ఉన్న లర్గషాల్ నీటిమర తిరుగుతుంటే ఆగండి. రాతి తిరగలిలో విసిరిన గోధుమపిండి అక్కడ దొరికితే కొనుక్కోండి. పొట్టుతో ఉండే ముతక పిండి కాబట్టి చపాతీకి మామూలు ఆటా కంటే నీళ్లు కాస్త ఎక్కువ పోసి, కలిపాక ముప్పావుగంట నాననివ్వాలి. నానకపోతే పొట్టు నీళ్లు పీల్చుకోక రొట్టె అంచులు చీలుతాయి. తిరగలి పిండిలో మొలక నూనె ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులు నిలవ ఉండదు. కిలో కంటే ఎక్కువ కొనకండి, డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి.